దుప్పికి సున్నపు బొట్టు

ఒకప్పుడు దుప్పి ఒంటి మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? కాల్చిన కుండ ఎలా ఉంటుందో, అలా ఉండేది. ముట్టె నుంచి తోక దాకా ఒకటే ఎరుపు. ఎండుటాకుల్లో పడుకుంటే ఆకేదో దుప్పేదో దాన్ని కన్నతల్లికే తెలిసేది కాదు.

ఆ రోజుల్లో గాలి మాట్లాడేది. మబ్బు మాట్లాడేది. వాన సంగతి అడగనే అక్కర్లేదు, కురిసినంతసేపూ వాగుతూనే ఉండేది. జంతువులకీ మాటలొచ్చు. కానీ మనుషులతో మాత్రం మాట్లాడేవి కావు. తమని కూర వండుకు తినేవాళ్లతో ఏం మాట్లాడతాయి చెప్పండి.

కొండ కింద ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ప్రతి ఇంటికీ ఒక పెరడు. పెరట్లో సొరపందిరి, గుమ్మడిపాదు, చిక్కుడు, కంది, నాలుగు దుంపలు. పొద్దువాలితే చాలు, కొండ మీంచి చుట్టాలు దిగేవి. కుందేలుకి తోటకూర ఇష్టం. అడవిపందికి దుంపలు ఇష్టం. ఏదుపందికి గుమ్మడికాయ కనిపిస్తే ఒళ్లు తెలియదు. దుప్పులు చిక్కుడు తీగ దగ్గర చేరి, పేరంటానికి వచ్చినట్టు నెమ్మదిగా తినేవి.

ఆ ఊరివాళ్లు వేటకి అడవికి వెళ్లేవాళ్లే కాదు. ఎందుకు వెళ్లడం? కూర కాళ్లతో నడిచి ఇంటికొస్తుంటే. కంచెలో ఒకచోట కావాలనే గండి వదిలేవాళ్లు. గండికి ఎదురుగా ఒక సాలు చిక్కుడు వేసి, దాన్ని ఇంట్లోవాళ్లు ముట్టుకునేవాళ్లు కాదు. అది ఎర సాలు. జంతువు గండిలోంచి వచ్చి ఎర సాలులో తలపెట్టగానే, వెనకనుంచి గండికి ముళ్లకంప అడ్డం వేసేవాళ్లు. ఆ తర్వాత బల్లెం పని, పొయ్యి పని.

పెరట్లోకి వచ్చింది పొయ్యిలోకి వచ్చినట్టే, అని వాళ్ల సామెత.

అలాగని వాళ్లు చెడ్డవాళ్లు కారు. కొట్టినదాన్ని ఇంటింటికీ పోగులు వేసి పంచేవాళ్లు. ముసలివాళ్లకి మెత్తటి ముక్కలు, బాలింతలకి కార్జం. ఎవరి వాటాకీ ఎవరూ ఆశపడేవాళ్లు కాదు. కాకపోతే వాళ్ల బుర్రలో ఒక నమ్మకం తరతరాలుగా కూర్చుని ఉంది. జంతువుల్ని కొండే కంటుందని. కొండ నడుమ పెద్ద గుహ ఉంది కదా, అదే దాని కడుపని, ఏటేటా అందులోంచి పందులూ దుప్పులూ ఊటనీళ్లలా పుట్టుకొస్తూనే ఉంటాయని.

"కొండ కంటుంది, మనం తింటాం. ఊట ఎండుతుందా ఎక్కడన్నా?" అనేవాడు ఆ ఊరిపెద్ద దూలయ్య. అతన్ని పెద్దకాపు అని పిలిచేవాళ్లు. అతని మాటకి ఎదురులేదు.

ఇప్పుడు సన్నెమ్మ సంగతి చెబుతాను. కథంతా ఆవిడదే.

సన్నెమ్మది కొండకి ఆనుకున్న చివరి ఇల్లు. మొగుడు బూరయ్య బల్లెం విసిరితే గురి తప్పేది కాదు. అత్త కొర్రమ్మకి పళ్లన్నీ ఊడిపోయాయి గానీ మాంసం మీద మమకారం ఊడలేదు. ఎముక చప్పరిస్తూ కూర్చుంటే పిలిచినా పలికేది కాదు. ఊళ్లో పురుళ్లన్నీ పోసింది కూడా ఆ కొర్రమ్మే.

సన్నెమ్మ చేతిది విత్తనాల చెయ్యి. ఏ గింజ ఆవిడ పాతినా మొలిచేది. అందుకు ఆవిడ చేసిన మాయేమీ లేదు. పందిరికి కాసిన కాయల్లో తొలి మంచికాయని ఎప్పుడూ కొయ్యనిచ్చేది కాదు. ఆకువక్క వేసుకునే మనిషి, బొడ్డులో సున్నపుకాయ ఎప్పుడూ ఉండేది. వేలితో ఇంత సున్నం తీసి ఆ కాయకి బొట్టు పెట్టేది. బొట్టు పడిందా, ఇక అది కూర కాదు, విత్తనం. మొగుడు ముట్టకూడదు, చుట్టం ముట్టకూడదు, చివరికి దొంగ కూడా దాన్ని వదిలేసి పక్క కాయ కోసుకుపోవాలి. వాన వచ్చి బొట్టు కడిగేస్తే, వాన వెళ్లగానే సన్నెమ్మ మళ్లీ పెట్టేది.

ఊరందరి పద్ధతీ అదే. ఎవరి ఇంటి విత్తనానికి ఆ ఇంటి ఆడది బొట్టు పెట్టాలి. విత్తనం తిన్న ఇంటికి పందిరి ఉండదు, అని పెద్దవాళ్ల మాట.

ఒకసారి ఇంట్లో కూరకేమీ లేక బూరయ్య ఆ బొట్టు కాయ వంక అదేపనిగా చూశాడు.

"ఏం మావా, చూపుతోనే కోసేస్తావా ఏంటి?" అంది సన్నెమ్మ.

"చూస్తే అరిగిపోతుందా?" అన్నాడు బూరయ్య. చూసి, గంజి తాగి పడుకున్నాడు. కాయ జోలికి పోలేదు.

ఇలా ఉండగా, కొండ మీది చుట్టాలు రావడం తగ్గింది. మొదట ఏదుపంది మానేసింది. గుమ్మడికాయలు పండి పగిలిపోయినా అడిగే దిక్కులేదు. తర్వాత కుందేళ్లు. తర్వాత అడవిపందులు. దుప్పులు గుంపుగా వచ్చేవి కాస్తా ఒకటీ అరా వచ్చాయి, ఆపైన అవీ లేవు. ఎర సాలులో చిక్కుడు ముదిరి ఎండింది.

"కొండకి కోపం వచ్చింది," అన్నాడు పెద్దకాపు. కొండకి కోడిని కోశారు. కల్లు పోశారు. గుహ ముందు నిలబడి దండం పెట్టారు.

గాలి ఆ గుహలోకి వెళ్లి చూసి బయటికొచ్చింది. "లోపల గబ్బిలాలు తప్ప ఏమీ లేవు," అంది. దాని మాట ఎవరూ పట్టించుకోలేదు. గాలి మాటలు గాలి మాటలే అనుకున్నారు.

సన్నెమ్మ పెరటి గండికి సాలీడు గూడు కట్టింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎవరూ తెంచేవాళ్లు లేక, రోజూ కొంచెం కొంచెం పెద్దదిగా. పొద్దున్నే మంచు పడితే అది మెరిసేది. అది చూసినప్పుడల్లా సన్నెమ్మ చేతిలో పని మరిచి నిలబడిపోయేది. ఎందుకో ఆవిడకే తెలిసేది కాదు.

ఆ ఏడే సన్నెమ్మ కూతురు పైడి తొలికడుపుతో పుట్టింటికి వచ్చింది.

వచ్చిందే గానీ పిల్ల పిల్లలా లేదు. గంజి తాగితే గంజి నిలవదు, నీళ్లు తాగితే నీళ్లు నిలవవు. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. మూల పడుకుని కళ్లు మూసుకునే ఉండేది. ఏం తినాలని ఉందే తల్లీ అని అడిగితే ఒకటే మాట.

"దుప్పి మాంసం తినాలనుందమ్మా. నా చిన్నప్పుడు నువ్వు చేసేదానివే, మిరియం వేసి, పులుసులా. అది తప్ప ఇంకేం గుర్తొచ్చినా కడుపులో తిప్పుతోంది."

కడుపుతో ఉన్న పిల్ల కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందంటారు. సన్నెమ్మకి చెవి సంగతి కాదు భయం. పిల్ల అసలు నిలుస్తుందా అని భయం. కొర్రమ్మ మనవరాలి పొట్ట తడిమి చూసి, కోడల్ని వాకిట్లోకి పిలిచింది.

"ఒసేయ్, పిల్లలో సత్తువ లేదే. ఇంత రసం చుక్క లోపల పడితే గానీ తల్లీ నిలవదు, బిడ్డా నిలవదు. ఏదో ఒకటి చెయ్యండి," అంది. ఎప్పుడూ మాంసం కోసం సాకులు వెతికే ముసలిది, ఆ రోజు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

సన్నెమ్మ కూతురి తల నిమిరి మాటిచ్చింది. "నీ కడుపు మీద ఒట్టు. దుప్పి పెరట్లోకి వచ్చిందంటే అది నీదే."

బూరయ్య బల్లెం పట్టుకుని ఎన్నడూ లేనిది కొండెక్కాడు. చాలా రోజులు తిరిగాడు. కాళ్లు చీరుకుపోయి ఉత్తచేతులతో దిగి వచ్చాడు.  ఏమైందని పెళ్లాం అడిగితే ఒకటే అన్నాడు. "అక్కడ చప్పుడు లేదే. అడవిలో చప్పుడే లేదు."

ఆ మర్నాడు సాయంత్రం సన్నెమ్మ పెరట్లో కాయలు కోస్తోంది. తుఫాను మబ్బు ఒకటి కొండ వెనకనుంచి మెల్లగా తొంగి చూస్తోంది. వాన వస్తే బొట్టు కరుగుతుందని తెలిసి కూడా, అలవాటు కొద్దీ విత్తనపు కాయకి కొత్త బొట్టు పెట్టి వెనక్కి తిరిగింది.

గండికి సాలెగూడు లేదు.

తెగిన పోగులు రెండు గాలికి ఊగుతున్నాయి. ఎర సాలులో, చిక్కుడు తీగ దగ్గర, దుప్పి నిలబడి ఉంది. ఎర్రగా, ఒక్క మచ్చ లేకుండా.

సన్నెమ్మ చప్పుడు కాకుండా నడిచి గండికి ముళ్లకంప లాగింది. గోడకి ఆనించి ఉన్న బల్లెం అందుకుంది. అందుకుంటూ మొగుణ్ణి కేక వేసింది. తర్వాత బల్లెం ఎత్తింది.

దుప్పి పరుగెత్తలేదు. తల తిప్పి సన్నెమ్మని చూసింది. నోట్లో చిక్కుడాకు ఇంకా ఉంది. ఆ ఆకు మెల్లగా నమిలి మింగి, అప్పుడు మాట్లాడింది.

"కొట్టేదానివి కొట్టు తల్లీ. పరుగెత్తే ఓపిక లేదు నాకు. కొట్టాక మాత్రం ఇంక కంచెలో గండి పెట్టుకోవద్దు. దానితో పని ఉండదు."

జంతువు మనిషితో మాట్లాడటం అదే మొదలు. సన్నెమ్మ బల్లెం సగానికి దించింది.

"ఎందుకుండదు?" అంది.

"వచ్చేవాళ్లు ఉంటే కదా. మా వాళ్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అవతలి లోయలో ఒక పోతు ఉంది. దానికి భయం, ఇటు దిగదు. ఇంకెవరూ లేరు."

"ఉండకపోవడం ఏంటి? కొండ మళ్లీ కంటుంది కదా," అంది సన్నెమ్మ. ఆ మాట పెద్దకాపు అన్నప్పుడు ఎంత గట్టిగా ఉండేదో, తన నోట్లోంచి అంత నీరసంగా వచ్చింది.

"కొండ కనడం నువ్వెప్పుడైనా చూశావా?" అంది దుప్పి. "కొండ రాయి తల్లీ. కనేది మేము. ఇలా రా. చెయ్యి పెట్టి చూడు."

సన్నెమ్మ వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆవిడకి తెలియదు. ఒక చేతిలో బల్లెం ఉండగానే రెండో చెయ్యి దుప్పి పొట్ట మీద పెట్టింది. వెచ్చగా ఉంది. వెంట్రుకలు చేతి కింద అటూ ఇటూ సర్దుకున్నాయి.

అప్పుడు లోపలినుంచి ఎవరో తన్నారు.

చిన్న తన్ను. నిన్న పొద్దున పైడి పొట్ట మీద చెయ్యి పెడితే తగిలిందే, అచ్చం అలాంటిది. అదే చోట, అంతే సుతారంగా.

గాలి ఆగిపోయింది. చిక్కుడాకు కదల్లేదు. కొండ వెనక మబ్బు కూడా గొణగడం మానేసింది. ఇన్నేళ్లుగా కొండ కడుపు కొండ కడుపని దండాలు పెట్టారే, ఆ కడుపు ఇదిగో, ఇక్కడ, తన అరచేతి కింద ఉంది. ఈ కొండ మీద ఇకముందు గంతులేసే ప్రతి దుప్పీ, పుట్టబోయే మంద మంద అంతా, ఈ పొట్టలో ముడుచుకుని ఉంది.  అంత పెద్ద అడవి ఇంత చిన్నచోట ఎలా పట్టిందో సన్నెమ్మకి అర్థం కాలేదు. 

"అయ్యో," అంది. "మేం విత్తనం తినేశాం."

ఒక సొరకాయని కాపాడటానికి ఏటేటా బొట్టు పెట్టిన చెయ్యి అది. ఒక గింజ వృథా కానివ్వని చెయ్యి. కొండ మీంచి వచ్చిన ఒక్కదాన్ని కూడా విత్తనానికి ఉంచాలని ఆ చేతికి ఎన్నడూ తోచలేదు. ఆ సంగతి తలుచుకుని సన్నెమ్మకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

బల్లెం కింద పడేసింది. బొడ్డులోంచి సున్నపుకాయ తీసింది. వేలితో సున్నం తీసి దుప్పి వీపు మీద ఒక బొట్టు పెట్టింది.

అప్పటికే కేక విని బూరయ్య వచ్చాడు. వెనకాలే పెద్దకాపు దూలయ్య, ఇరుగుపొరుగు మగవాళ్లు, ఆడవాళ్లు, కంచె చుట్టూ జనం. అన్నాళ్ల తర్వాత దుప్పిని చూసి అందరి మొహాలూ వెలిగిపోయాయి. బూరయ్య బల్లెం ఎత్తాడు. ఎత్తినవాడు ఆ తెల్లబొట్టు చూసి అలాగే ఆగిపోయాడు.

"ఇదేంటే?"

"విత్తనం మావా," అంది సన్నెమ్మ. దుప్పి చెప్పినదంతా చెప్పింది.

పెద్దకాపుకి నచ్చలేదు. "సున్నపు బొట్టు కాయకి గానీ కాళ్లున్నదానికి పెట్టడం ఎక్కడైనా ఉందా? మన తాతలు పెట్టారా?" అన్నాడు.

"తాతలకి అవసరం పడలేదు పెద్దకాపూ. వాళ్లకి మంద ఉంది. మనకి ఒక్కటే ఉంది."

బూరయ్య బల్లెం దించాడు గానీ చూపు దించలేదు. "అది సరేనే. మరి పిల్ల సంగతేంటి? కడుపు మీద ఒట్టు పెట్టావు. లోపల అది గాలికి రాలేలా ఉంది. దానికేం చెబుతావు?"

 కూతురి ప్రాణం ఒకవైపు, ఈ పొట్టలో ఉన్నదంతా ఒకవైపు. ఏ వైపు చూసినా రెండోవైపు గుండె తెగుతోంది. సన్నెమ్మ దుప్పి మెడ పట్టుకుని బావురుమంది. 

అప్పుడు తలుపు చప్పుడైంది. పైడి గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ పెరట్లోకి వచ్చింది. కొర్రమ్మ వెనకనుంచి పట్టుకుంది. పైడి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని, ఆ చేత్తోనే దుప్పి పొట్ట తాకింది.  రెండో చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది.

"అమ్మా, ఇద్దరూ ఒక్కసారే తన్నుతున్నారే," అంది. మొహం మీద ఎన్నాళ్లకో నవ్వు వచ్చింది. "నాకొద్దమ్మా. దీన్ని తింటే నాకు లోపల దిగదు. నీ ఒట్టు నేనే తీసి గట్టున పెట్టాను పో."

"చెవిలో చీము కారుతుందే పిల్లా, బిడ్డకి," అని ఎవరో అన్నారు.

"కారితే కారనీ, తుడుచుకుంటాను," అంది పైడి. తల్లి సున్నపుకాయలో వేలు ముంచి రెండో బొట్టు తనే పెట్టింది.

కొర్రమ్మ అంతా చూసింది. మాంసం కోసం అందరికంటే ఎక్కువ వాచిపోయి ఉన్నది ఆ ముసలిదే. ఒకసారి గుటక మింగింది. పెద్దకాపు వైపు తిరిగింది.

"ఒరేయ్ దూలయ్యా, నిన్ను మీ అమ్మ కడుపులోంచి లాగింది నేను. కొండ కడుపులోంచి లాగలేదు. పురుళ్లు పోసినదాన్ని చెబుతున్నాను, అది నిండుచూలు. బొట్టు పడ్డాక తింటే విత్తనం తిన్నట్టే. నీ ఇష్టం."

దూలయ్య తల గోక్కున్నాడు. ఎంత పెద్దకాపయినా పురుడు పోసినదాని ముందు పెద్దకాపు అవడు కదా. కాస్త ఆలోచించి, "సరే. కానీ ఇది సన్నెమ్మ ఇంటి బొట్టు, దుప్పి ఊరందరిదీ. రేపు పక్కింటివాడు, దాని మీద మా ఇంటి బొట్టు లేదుగా అని కొట్టేయొచ్చు. పద్ధతి అదేగా మరి," అన్నాడు.

అంతలో పైనుంచి నవ్వు వినిపించింది. మబ్బు తలమీదికి వచ్చేసింది. దాని లోపలినుంచి వాన అంటోంది, "మీ మాటలు బాగానే ఉన్నాయి. నేను దిగుతున్నాను. ఆ బొట్లు కడగడం నాకెంతసేపు? సొరకాయ అయితే ఇంటిదగ్గర ఉంటుంది, మళ్లీ పెట్టుకుంటారు. ఇది అడవికి పోయేది. వెంట పడి పెడతారా?"

సన్నెమ్మ రెండు చేతులూ బొట్ల మీద అడ్డం పెట్టింది. కొర్రమ్మ మాత్రం పళ్లులేని నోటితో నవ్వింది.

"దానికో మందుంది," అంది. "గోడకి వేసే సున్నంలో ఏం కలుపుతాం? తుమ్మబంక. తీసుకురండే."

ఇక చూడండి ఆ పరుగులు. ఇంటింటి ఆడవాళ్లూ సున్నం, నానేసిన తుమ్మబంక పట్టుకుని వచ్చారు. దుప్పికి అటు కొందరు, ఇటు కొందరు నిలబడ్డారు. ప్రతి ఇంటి ఆడదీ తన వేలు ముంచి బొట్టు పెట్టింది. పెళ్లయినవాళ్లు పెట్టారు, మొగుడు పోయినవాళ్లు పెట్టారు, చంకలో పిల్లల వేళ్లు పట్టుకుని తల్లులు పెట్టించారు. ఒక బొట్టు కరిగినా ఇంకొకటి ఉండాలని పెట్టినవాళ్లే మళ్లీ పెట్టారు. అటువైపు వాళ్లు వీపు నడిమి దాకా పెట్టుకొచ్చారు, ఇటువైపు వాళ్లూ అక్కడికే వచ్చి ఆగారు. మధ్యలో వెన్ను మీద ఒక చార మాత్రం ఖాళీగా మిగిలిపోయింది.

దుప్పి కదలకుండా నిలబడింది. చలికో, చక్కిలిగింతకో, అప్పుడప్పుడు చర్మం మాత్రం ఝల్లుమనేది. బల్లేలు పట్టుకుని వచ్చిన మగవాళ్లు వాటిని ఎక్కడ పెట్టారో మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆ మసక వెలుతురులో దాని ఒళ్లు మెల్లమెల్లగా తెల్లచుక్కలతో నిండిపోయింది. పైన మబ్బు చుక్కల్ని మూసేసిన సాయంత్రం అది. చుక్కలన్నీ దిగి సన్నెమ్మ పెరట్లో నిలబడ్డట్టు ఉంది.

చివరికి కొర్రమ్మ వంతు వచ్చింది. ఆవిడకి చూపు ఆనదు. వేలికి బదులు అరచెయ్యంతా సున్నంలో ముంచి, తడుముకుంటూ వెళ్లి, దుప్పి గొంతు కింద చపాలున అంటించింది.

"నానమ్మా, అది బొట్టు కాదు, గోడకి సున్నం," అని నవ్వింది పైడి.

"ఉండనీయవే. కత్తి పడేది అక్కడే కదా. అక్కడ గట్టిగా ఉండాలి," అంది కొర్రమ్మ.

అప్పుడు వాన దిగింది. దిగి, అన్నమాట ప్రకారం కడిగింది. ఒక పక్క కడిగింది, రెండో పక్క కడిగింది, పొట్ట కింద దూరి కడిగింది. బంక కలిసిన సున్నం, తడిసినకొద్దీ గట్టిపడింది. ఒక్క బొట్టు కూడా రాలలేదు.

"ఎంతమంది వేళ్లమ్మా ఇవి," అంది వాన, అలిసిపోయి. "ఒక్కళ్లదయితే కడిగేద్దును. ఊరందరిదీ నా వల్ల కాదు." అని నెమ్మదించి, జల్లుగా మారి, కొండవైపు వెళ్లిపోయింది.

సన్నెమ్మ ముళ్లకంప పక్కకి లాగింది. దుప్పి గండి దాకా నడిచి అక్కడ ఆగింది. పైడి వైపు చూసింది.

"నాకూ మొదట్లో ఏదీ దిగేది కాదు పిల్లా," అంది. "గడ్డి చేదనిపించేది, నీళ్లు వెగటనిపించేవి. గుహ కింద ఉసిరిచెట్టు ఉంది చూడు, దాని కింద రాలిన కాయలు తిని బతికాను. కొరకలేకపోతే చప్పరించు." అని చెప్పి వెళ్లిపోయింది.

తెల్లారకుండానే బూరయ్య కొండెక్కాడు. ఈసారి బల్లెం లేదు, బుట్ట ఉంది. ఉసిరికాయలు తెచ్చాడు. సన్నెమ్మ ఒక కాయ చిదిమి ఉప్పు అద్ది కూతురి నోట్లో పెట్టింది. పైడి మొహం చిట్లించింది. కళ్లు మూసుకుని చప్పరించింది. తర్వాత నీళ్లు తాగింది. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల గొంతు వంకే చూస్తూ కూర్చున్నారు. నీళ్లు నిలిచాయి. మధ్యాహ్నానికి గంజి నిలిచింది. సన్నెమ్మ వంటింట్లోకి పోయి, పొయ్యి ఊదుతున్నట్టు నటిస్తూ ఏడ్చింది.

నెలలు నిండి పైడికి ఆడపిల్ల పుట్టింది. చెవుల్లో చీమూ లేదు, ఏమీ లేదు. పైగా ఆ పిల్ల చెవులెంత చురుకంటే, పొరుగూళ్లో పప్పు పోపు వేసినా ఇక్కడ లేచి కూర్చునేది.

అడవిలో దుప్పి కూడా ఈనింది. పిల్ల ఎలా ఉంటుందో అని కొండగాలి వంగి చూసింది. తడి ఆరని ఆ పిల్ల ఒంటి మీద, తల్లికి ఉన్నట్టే, అవే తెల్లచుక్కలు. ఎవరూ పెట్టకుండానే వచ్చాయి. అవతలి లోయలో భయపడి దాక్కున్న పోతు, ఆ వాన రాత్రే, సున్నం ఇంకా పచ్చిగా ఉండగానే, ఈ దుప్పి పక్కన వచ్చి పడుకుందట. దానికీ అంటుకున్నాయి.

కొండ నెత్తిన, దుప్పికి పెదనాన్న వరసయ్యే పెద్ద కొమ్ముల కణుజు ఒకటి రాతిమీద నిలబడి ఇదంతా చూసింది. "నీకూ పెట్టించుకోరాదా?" అని అడిగింది దుప్పి. "ఇంత కొమ్ములు పెట్టుకుని ఆడవాళ్ల చేత బొట్టు పెట్టించుకోవాలా?" అని కణుజు మూతి తిప్పుకుని పైకి పోయింది. ఈ రోజుకీ అది మట్టిరంగులోనే తిరుగుతోంది. దాని తిప్పలు అది పడుతోంది.

పల్లెలో ఆడవాళ్లు ఎర సాలు వెయ్యడం మానలేదు. మగవాళ్లు కంప అడ్డం వెయ్యడం మానేశారు. దుప్పులు ఒకటి రెండయి, రెండు మందయి, చిక్కుడు తినిపోయేవి. చప్పుడు లేని అడవిలో మళ్లీ చప్పుడు పుట్టింది. ఆ చప్పుడు వినడానికి సన్నెమ్మ పనిలేకపోయినా సాయంత్రం పెరట్లోకి వచ్చి నిలబడేది. మందలో ఏ దుప్పి ఎదురైనా, ఆ ఒంటి మీద ఏ చుక్క తన వేలిదో పోల్చుకోవాలని చూసేది. పోల్చుకోలేక నవ్వుకునేది.

అప్పటినుంచే దుప్పి ఒంటినిండా తెల్లచుక్కలు. అప్పటినుంచే దాని వెన్ను మీద చుక్కల్లేని చార, గొంతు కింద అరచెయ్యంత తెలుపు. ఇంకొకటి కూడా ఉంది. అడవిలో మనిషి ఎదురైతే దుప్పి పారిపోతుంది కదా, పారిపోతూ పారిపోతూ ఒక్కచోట ఆగుతుంది. పక్కకి తిరిగి, ఒళ్లంతా కనిపించేలా నిలబడి, మన కళ్లలోకి చూస్తుంది.

బొట్టు కనిపించిందా, అని అడుగుతోంది.